కల్నల్ తరఫు సాక్షి

కోడి మీద ఫిర్యాదు చేసిన మనిషే ఆ కోడి తరఫున సాక్ష్యం చెప్పాల్సి వస్తే ఎలా ఉంటుందో ఒదీల్‌ని అడగాలి. ఆ వారమంతా ఆమెకు ముద్ద దిగలేదు.

లీల్ నగరంలో ఒక బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాక, భర్త ఎర్వేతో కలిసి ఒవెర్న్ కొండల్లో ఈ రాతి ఇల్లు కొన్నదామె. నాలుగు గదులు అతిథులకు, వెనకగది తమకు. ఈ వయసులో మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి పరాయివాళ్ల పక్కలు దులపడమేమిటని చెల్లెళ్లు ఎద్దేవా చేశారు. ఒదీల్ మొండిఘటం, వినలేదు. ఇల్లు అమ్మిన ఫిర్మాన్ ఎక్కడికీ పోలేదు. గోడ అవతల తన పాత పశువుల కొట్టాన్నే బాగుచేసుకుని కోళ్లతో కాపురం పెట్టాడు. పొయ్యి పొగ చిమ్మితే గొట్టం ఎలా దులపాలో, ఏ చెట్టు పళ్లు జామ్‌కి పనికొస్తాయో, ఏ చెట్టువి పందులకు తప్ప పనికిరావో ఆయనే నేర్పాడు. మొదటి చలికాలంలో నీళ్ల పైపు గడ్డకట్టుకుపోతే, ఎనభై దాటిన మనిషి మంచులో బోర్లా పడుకుని సెగపెట్టి కరిగించాడు. అలాంటి మనిషి మీద ఆమె మేయరుకు ఫిర్యాదు చేసింది.

కల్నల్ అంటే ఫిర్మాన్ పెంచే పుంజు. తెల్లవారకముందే అతిథుల కిటికీల కింద గోడెక్కి గొంతు చించుకునేది. పల్లె ప్రశాంతత కోసం పట్నం నుంచి వచ్చేవాళ్లకు పల్లె కావాలి గానీ, అందులో కోడి మాత్రం ఉండకూడదు. "ఇల్లు స్వర్గం, కోడి నరకం" అని ఒక జంట ఇంటర్నెట్‌లో రాసి పోయింది. దాంతో రెండు బుకింగులు రద్దయ్యాయి. గోడ మీంచి ఒక్క మాట అంటే సరిపోయేది. పెద్దాయన నొచ్చుకుంటాడని ఒదీల్ మొహమాటపడింది. ఆఫీసు బుర్ర కదా, ప్రతి చిక్కుకూ ఎక్కడో ఒక కౌంటర్ ఉంటుందనుకుంది. ఎర్వేకి కూడా చెప్పకుండా మేయరు దగ్గరికెళ్లి "నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి" అని చెప్పి వచ్చింది. అదే మర్యాద అనుకుంది పిచ్చిది.

ఆ వారంలోనే ఫిర్మాన్ గుడ్ల బుట్టతో వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఒదీలమ్మా, మా కల్నల్ మీద ఎవరో చాడీలు చెప్పారట. ఎవరయ్యా అంటే మేయరు నీళ్లు నములుతున్నాడు."

"ఎవరై ఉంటారబ్బా?" అంది ఒదీల్.

"నీకేమైనా తెలుసేమోనని వచ్చా."

ఆయన చూపు ఆమె మొహం మీదే ఉంది. ఇప్పుడు చెప్పేస్తే పీడ వదిలిపోతుందనుకుని ఒదీల్ నోరు తెరిచింది కూడా. తీరా "కాఫీ తాగుతారా?" అని అడిగింది.

ఆయన తీరుబడిగా తాగాడు. కప్పు కింద పెట్టి, "అయితే రేపు నాతో మేయరు దగ్గరికి రా. మా అతిథులకు ఏ ఇబ్బందీ లేదని ఒక్క మాట చెప్పు. ఆ కోడికి అందరికంటే దగ్గరున్న చెవులు మీవే కదా" అన్నాడు.

కాదనడానికి ఆమెకు నోరెలా వస్తుంది? సరేనంది.

మర్నాడు ఆయన వెనకే ఆమె లోపలికి రావడం చూసి మేయరు గతుక్కుమన్నాడు.

"అంటే మేడమ్, ఆ కోడితో మీకేం ఇబ్బంది లేదంటారు?"

"లేదండీ."

"బొత్తిగా?"

"బొత్తిగా లేదు. అలారం పెట్టుకునే పని తప్పింది."

మేయరుకు దగ్గొచ్చింది. కిటికీ వైపు తిరిగి మళ్లీ దగ్గి, ఫిర్యాదు కొట్టేస్తున్నానన్నాడు. ఒదీల్‌కి తల కొట్టేసినట్టయింది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఫిర్మాన్ తన గుమ్మం ముందు ఆగి, "నాతో ఏమైనా చెప్పాలా ఒదీలమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"లేదండీ. చలిగా ఉంది, లోపలికెళ్లండి."

ఇంటికొచ్చి బల్లగుడ్డకు బదులు దిండుగలీబు తీసి భోజనాల బల్ల మీద పరిచింది. ఎర్వే నవ్వి, "ఏమైందే నీకు? అతిథుల్ని బల్ల మీద పడుకోబెడతావా?" అన్నాడు. మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకుంది.

శనివారం గదులన్నీ నిండాయి. సాయంత్రం భోజనానికి ఇంటివాళ్లూ అతిథులూ కలిసి పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒదీల్ సూప్ వడ్డిస్తుంటే ఫిర్మాన్ పండగ కోటు వేసుకుని, ఇనప కుండ రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

"ఇవాళ కూర నాది" అని బల్ల మధ్యలో పెట్టి మూత తీశాడు. ఎర్ర వైన్‌లో ఉల్లిపాయలు, పుట్టగొడుగులతో ఉడికిన మాంసం వాసన గదంతా కమ్మేసింది. అతిథులు చప్పట్లు కొట్టారు.

"ఏం కూరండీ?" అని ఎర్వే లొట్టలు వేశాడు.

"కల్నల్" అని చెప్పి ఫిర్మాన్ వంటింట్లోకి నడిచాడు.

ఒదీల్ గరిటె వదిలేసి వెనకే పరుగెత్తింది. "ఎందుకిలా చేశారు? మేయరు వదిలేశాడు కదా!"

"వదిలేశాడు. కానీ పొద్దున్నే అది కూసినప్పుడల్లా నువ్వక్కడ ఆడిన అబద్ధం చెవిలో పడేది. నా వల్ల కాలేదమ్మా."

ఒదీల్ వంటింటి తలుపు దగ్గరికి వేసింది. "మీకు తెలుసా?"

"గుడ్లు తెచ్చిన రోజే తెలుసు. రొట్టెల బండి దగ్గర మేయరు పెళ్లాం ఊరందరికీ చెప్పింది."

"మరి నన్ను సాక్ష్యానికెందుకు తీసుకెళ్లారు?"

"అక్కడైనా చెబుతావేమోనని."

ఆమె ఏడుస్తూ ఆయన చెయ్యి పట్టుకోబోయింది. "తప్పయిపోయింది. మీరు బాధపడతారని..."

"గోడ మీంచి ఒక్క కేకేస్తే పోయేదానికి! రాత్రిళ్లు దాన్ని నేలమాళిగలో పెట్టి గొళ్లెం వేసేవాణ్ణి. చీకట్లో కోడి కూయదు." ఫిర్మాన్ టోపీ పెట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ గోడ అవతల మనుషులున్నారనుకున్నా. ఉన్నది హోటలని ఇప్పుడు తెలిసింది."

వెనక తలుపు తీసుకుని ఆయన వెళ్లిపోయాడు.

మొహం తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చేసరికి సగం కుండ ఖాళీ. బెల్జియం నుంచి వచ్చిన పెద్దావిడ వేళ్లు నాకుతూ, "ఇంత కమ్మగా ఎవరు చేశారండీ, మీరేనా?" అని అడిగింది.

"వండింది పక్కింటాయన" అంది ఒదీల్. "చంపించింది నేను."

పెద్దావిడ పకపకా నవ్వింది, బల్లంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఎర్వే.

"నిజంగా అంటున్నాను. పాపం చేశాను" అంది ఒదీల్.

వాళ్లు ఇంకా నవ్వారు. "ఎంత సరదా మనిషండీ మీరు!" అని పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ పళ్లెం చాచింది. "ఆ రెక్క ముక్క ఇటు వెయ్యండి."

ఒదీల్ వేసింది.