కామరాజు గారి ఆర్మీ బండి

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో ఒక అపార్ట్‌మెంటు ఉంది. పేరు చెప్పను. చెబితే అందులోవాళ్ళు నా మీద విరుచుకుపడతారు. దాని సెల్లారులో, లిఫ్టుకీ నీళ్ళ మోటారుకీ మధ్యనున్న జానెడు జాగాలో, కామరాజు ఆరు నెలల ఆదివారాలు ఒక పాత బుల్లెట్టు మీద ధారపోశాడు. మందుల డిస్ట్రిబ్యూటరు ఆయన, సోమాజిగూడ ఆసుపత్రుల చుట్టూ తిరిగే వ్యాపారం. యాభైకి ఒక్క ఏడాది తక్కువ. ఆ వయసులో కొందరు యోగా మొదలుపెడతారు, కొందరు ఇంకో ఫ్లాటు కొంటారు. ఈయన తుక్కు బండి కొన్నాడు. దాన్ని పాతకాలం మిలటరీ బండిలా తన చేత్తో తానే మార్చాలన్నది ఆయన ముచ్చట.

ముచ్చట అంటే ముచ్చట కాదు, కడుపులో మిగిలిపోయిన మంట. పంతొమ్మిదేళ్ళప్పుడు కాకినాడ గ్రౌండులో ఆర్మీ సెలక్షన్‌కి వెళ్ళాడు. పరుగులో గెలిచాడు. ఊపిరి పీల్చి ఛాతీ పెంచమన్నారు. ఒక్క సెంటీమీటరు తక్కువైంది. ఇంకోసారి కొలవమని బతిమాలితే టేపు పట్టుకున్న ఆయన తల కూడా ఎత్తకుండా తర్వాతివాణ్ణి పిలిచాడు. ఈ సంగతి భార్య వసుమతికి తెలుసు, కూతురు హైందవికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

మొదటి మూడు ఆదివారాలూ కామరాజు చేసిన పని చూస్తే నవ్వొస్తుంది. యూట్యూబ్ చూసి బండికున్న స్టీలు భాగాలన్నీ అద్దంలా తోమాడు. నాలుగో ఆదివారం వాచ్‌మన్ మెహబూబ్ నీళ్ళ మోటారు వెయ్యడానికి వచ్చి, కాసేపు నిలబడి చూసి, ఉండబట్టలేక నోరు విప్పాడు.

"ఆర్మీ బండికి మెరుపు ఉండదు సార్. మెరిస్తే దుష్మన్‌కు కనపడ్తది."

నీకెలా తెలుసని అడిగితే ముందు దాటేశాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆర్మీ బళ్ళు బాగుచేసే ఇ.ఎం.ఇ. వర్క్‌షాపులో పదిహేడేళ్ళు చేశాడట, పఠాన్‌కోట్‌లో, జోధ్‌పూర్‌లో. హవల్దారుగా రిటైరయ్యాడు. పెన్షన్ వస్తుంది, చాలదు, అందుకని ఈ ఉద్యోగం. నాలుగేళ్ళుగా గేటు దగ్గరే ఉన్నావు, ఎవరికీ చెప్పలేదేమని కామరాజు ఆశ్చర్యపోయాడు.

"హైదరాబాద్‌ల వాచ్‌మన్లందరూ ఎక్స్ ఆర్మీ అనే చెప్పుకుంటరు సార్. పాత డ్యూటీల చెప్తె నవ్విండ్రు. గప్పటిసంది చెప్తలేను."

అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరివీ. మెహబూబ్ మెత్తని మనిషి కాడు. ఎమరీ పేపరు అడ్డంగా రుద్దితే కసిరేవాడు, బోల్టు బిగించడం రాకపోతే చేతిలోంచి స్పానరు లాక్కునేవాడు. కామరాజుకి ఆ కసురు తీపిగా ఉండేది. స్ప్రే గన్ అద్దెకు తెస్తానంటే మెహబూబ్ వద్దన్నాడు. ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడంటే వర్క్‌షాపులో అందరూ బ్రష్షులు పట్టుకుని రాత్రికి రాత్రి పూసేవారట. ఆ బ్రష్షు గీతలు కనిపిస్తేనే అది ఆర్మీ బండి. గీతలన్నీ ఒకే వైపుకి పోవాలి. చెయ్యి పట్టుకుని దిద్దబెట్టినట్టు నేర్పాడు.

రంగు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. కామరాజుకి అచ్చం అసలు మిలటరీ పచ్చ రంగే కావాలి. ఆ రంగు ఫౌజు బళ్ళకి తప్ప ఇంకెవరూ వెయ్యకూడదని, వేస్తే చలానా పడుతుందని మెహబూబ్ అన్నాడు. పడితే పడనీ అన్నాడు కామరాజు.

"చలాన్ ఫికర్ కాదు సార్. గా రంగు మనది కాదు. ఫౌజ్‌లకెల్లి దిగొచ్చినంక నాది సుత కాదు."

చివరికి పచ్చలో మట్టిరంగు కలిపి, ఎండకు వెలిసినట్టుండే ఒక రంగు మెహబూబే కలిపాడు. హెడ్‌లైటుకి సన్నని చీలిక ఉన్న రేకు మూత కోసి పెట్టాడు. స్ప్రింగుల సీటు బిగించాడు. రెండు వైపులా వేలాడే కాన్వాసు సంచుల్ని బోరబండలోని ఇంట్లో ఆయన భార్య బద్రున్నీసా కుట్టింది. మొదటిసారి కుట్టినవి ఆర్మీవాటిలా లేవని మెహబూబ్ వెనక్కి పంపిస్తే మళ్ళీ విప్పి కుట్టింది.

సెల్లారులో కామరాజు ఆయన్ని "మెహబూబ్ భాయ్, మీరు" అనేవాడు. పైన నలుగురి ముందు "మెహబూబ్, నువ్వు" అనేవాడు. ఇందులో తప్పున్నట్టు ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

జులై చివర్లో బండి రోడ్డెక్కింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర అందరూ తలలు తిప్పి చూశారు. ఒక కానిస్టేబుల్ చెయ్యెత్తి దారిచ్చాడు. కొత్తగా చేసిన బండిలా లేదది, నిజంగా డిపోలోంచి వచ్చినట్టుంది. ఉండదూ మరి, నిజం ఆర్మీ చెయ్యి పడింది కదా.

ఆ సాయంత్రమే అసోసియేషన్ ప్రెసిడెంట్ రాజనర్సయ్య బండి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మన రాజు సార్ ఆర్మీలో చేసిండని ఇన్నేళ్ళు మనకు తెల్వకపాయె, ఈ పంద్రాగస్టుకి జెండా సారే ఎగరెయ్యాలె అని రాశాడు. కామరాజు చూసేసరికి కింద ముప్పై రెండు సెల్యూట్లు. "లేదండీ" అని టైపు చేశాడు. చెరిపేశాడు. చివరికి ఒక దండం బొమ్మ పంపించాడు. ఒక్క అక్షరం కూడా అబద్ధం రాయలేదు కదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. అంతటి నంగనాచితనం నేనింకెక్కడా చూడలేదు.

హైందవి ఒప్పుకోలేదు, గ్రూపులో నిజం రాసెయ్యి డాడీ అంది. వసుమతి మాత్రం పోనిద్దురూ, ఎవరికేం నష్టం అంది. నాలుగో ఫ్లోరు ఆవిడ పదేళ్ళలో మొదటిసారి వసుమతిని ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చింది మరి.

మెహబూబ్ గ్రూపులో లేడు. అయినా గేటు దగ్గర ఉండేవాడికి తెలియనిదేముంటుంది. పద్నాలుగో తారీఖు సాయంత్రం కాగితం జెండాలు దారానికి అంటిస్తూ, కామరాజు బండి ఆపగానే తల ఎత్తాడు.

"నేను ఎవరికీ చెప్ప సార్. నేను చెప్తె ఎవరూ నమ్మరు. మీరు చెప్తె నమ్ముతరు."

కామరాజుకి ఒళ్ళంతా సిగ్గేసింది. నిజంగానే వేసింది, అది నటన కాదు. ఆ జెండాల దండల మధ్యే చతికిలబడి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు మైకులో నేనే చెప్తాను మెహబూబ్ భాయ్. ఆర్మీలో చేసింది నేను కాదు, మీరని చెప్తాను. జెండా మీ చేతే ఎగరేయిస్తాను."

మెహబూబ్ ఒక కాగితం జెండా వంకరగా అంటుకుంటే పీకి మళ్ళీ అంటించాడు.

పొద్దున్నే ఎనిమిదింటికి కామరాజు కిందికి దిగేసరికి కుర్చీలన్నీ నిండాయి. మెహబూబ్ నున్నగా గడ్డం గీసుకుని, వాచ్‌మన్ చొక్కాకే గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. చివరి వరసలో కొత్త బురఖాలో ఒకామె కూర్చుని ఉంది. బద్రున్నీసా. నాలుగేళ్ళలో ఆమె ఈ గేటు లోపలికి రావడం అదే మొదలు. ఎందుకు వచ్చిందో మెహబూబ్‌కి కాక కామరాజుకి ఒక్కడికే తెలుసు.

చెప్పేస్తానని అనుకుంటూనే వెళ్ళాడు. ఈలోగా రాజనర్సయ్య శాలువా కప్పేశాడు. పిల్లల్ని వరసగా నిలబెట్టి సెల్యూట్ కొట్టించాడు. ఒక చంటిపిల్ల ఎడమచేత్తో కొట్టింది, అందరూ నవ్వారు. కామరాజు ఊపిరి పీల్చాడు. కాకినాడలో రానని మొండికేసిన ఆ సెంటీమీటరు ఇప్పుడు అడక్కుండానే వచ్చి ఛాతీలో కూర్చుంది. మైకు చేతికొచ్చింది. చివరి వరస కేసి చూశాడు. బద్రున్నీసా కొంచెం ముందుకు వంగింది.

"అందరికీ స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు," అన్నాడు. "ఈ బండి పనిలో... మన వాచ్‌మన్ మెహబూబ్ కూడా నాకు సాయం చేశాడు. తుడవడం అదీ. అతనికి కూడా చప్పట్లు కొట్టాలి."

కొట్టారు. హైందవి మాత్రం కొట్టలేదు. జెండా తాడు లాగితే ముడి బిగుసుకుపోయింది. మెహబూబే వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, తాడుని ఒక్కసారి వదులు చేసి కామరాజు చేతిలో పెట్టి వెనక్కి తగ్గాడు. పూలు రాలాయి. జనగణమన అయిపోయేదాకా ఆ మనిషి కదలకుండా నిటారుగా నిలబడ్డాడు. లడ్డూలు పంచకముందే బద్రున్నీసా లేచి వెళ్ళిపోయింది.

ఆ వెంటనే రాజనర్సయ్య ఇంకో ముచ్చట మైకులో ప్రకటించాడు. ఫౌజీ సారు బండి ఇకమీదట సెల్లారులో ఉండదు, గేటు పక్కనే ఉంటుంది, అపార్ట్‌మెంటుకి ఇజ్జత్. వాచ్‌మన్ రోజూ పొద్దున దాన్ని తుడవాలె. మళ్ళీ చప్పట్లు. వద్దనడానికి కామరాజుకి ఆ చప్పట్లంతసేపు టైముంది. ఆయన శాలువా సర్దుకున్నాడు.

ఇంటికెళ్ళాక వసుమతి పాయసం పెట్టింది. మెహబూబ్ గారి భార్య కూడా వచ్చారు డాడీ అని మాత్రం చెప్పి హైందవి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చూశానని తలుపుకి చెప్పాడు కామరాజు. మెహబూబ్ పని మానేసి పోతే బాగుండునని, పోతే ఈ గుచ్చుకోవడం ఉండదని ఒక క్షణం అనుకున్నాడు కూడా. కానీ మెహబూబ్ మానలేదు. కోపగించుకుని ఉద్యోగం వదిలేసుకోవడం అందరికీ కుదిరే సుఖం కాదు.

సోమవారం పొద్దున మెహబూబ్ గేటు పక్కన బండి తుడుస్తున్నాడు. పక్క హాస్టలు కుర్రాళ్ళిద్దరు ఫోటోలు తీసుకుని అప్పుడే వెళ్ళారు. కామరాజు తాళంచెవి తీసుకుని వచ్చి నిలబడ్డాడు. క్షమించమని అడగాలని లిఫ్టులో రెండుసార్లు అనుకున్నాడు. మెహబూబ్ గుడ్డ పిండి, లేచి నిలబడి, డ్యూటీ సంగతి అడిగినట్టే అడిగాడు.

"వచ్చేటోళ్ళు నన్ను అడుగుతుండ్రు సార్, మీరు ఆర్మీల ఏడ చేసిండ్రని. ఏం చెప్పాలె?"

వెటకారం ఏమన్నా ఉందేమోనని కామరాజు ఆయన మొహంలో వెతికాడు. లేదు. ఉంటే బతికిపోయేవాడు. గేటు బయట రాజనర్సయ్య పాల ప్యాకెట్లతో వస్తూ ఫౌజీ సార్‌కి నమస్తే అన్నాడు. కామరాజు ఆయనకి తిరిగి నమస్తే పెట్టి, ఆయన లిఫ్టు ఎక్కేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"మీదే నాదని చెప్పెయ్యండి మెహబూబ్ భాయ్. ఇ.ఎం.ఇ., పఠాన్‌కోట్."

మెహబూబ్ తలూపాడు. మళ్ళీ వంగి, బ్రష్షు గీతలు పోయిన వైపుకే గుడ్డతో ఒకసారి తుడిచాడు.

"పదిహేడేండ్లు చెప్పాలెనా సార్, తక్కువ చెప్పాలెనా?"

"పదిహేడే చెప్పండి," అని కామరాజు బండి ఎక్కాడు.