గోడత్త పలువరస

ఆ వీధిలో ఎవరి నవ్వు సొంతమో, ఎవరి నవ్వు చేయించుకున్నదో తెలిసిన మనిషి ఒక్కతే. పళ్ళ డాక్టరు ఆసుపత్రి వెనక గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పదమూడేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తోంది. ముందు గదిలో డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తాడు. వెనక గదిలో ఈమె స్పిరిట్ దీపం మీద మైనం కరిగించి, చిగుళ్ళు దిద్ది, ఒక్కో పన్నునూ నిలబెడుతుంది. అద్దంలో చూసుకుని మురిసిపోయిన వాళ్ళు దండం పెట్టేది మాత్రం డాక్టరుకే. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! ముప్పయ్యేడేళ్ళు వచ్చినా వీధివాళ్ళకు ఈమె ఇంకా పళ్ళమ్మాయే.

పళ్ళమ్మాయి కూతురికి ఇంట్లో పిడుగని పేరు. రెండేళ్ళు నిండి రెండు నెలలు. పదహారు పళ్ళొచ్చాయి, తల్లి వృత్తిధర్మం కొద్దీ ఎప్పటికప్పుడు వేలు పెట్టి చూసుకుంటుంది. ఆ పదహారు పళ్ళతో రొట్టె ముక్కలూ, చెప్పుల అంచులూ, తండ్రి భుజమూ కొరకడం వచ్చినా, అమ్మ పాలు మాత్రం మానలేదు. అమ్మ పాలు అనడానికి నోరు తిరక్క ‘అంపా’ అంటుంది. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత ఆ పిల్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చు. లేస్తూనే అంపా, పడితే అంపా, చుట్టాలొస్తే వాళ్ళ ఎదుట మరీ అంపా.

చిక్కంతా అక్కడే వచ్చింది. పళ్ళమ్మాయికి ఇంకో బిడ్డ కావాలి. ఎనిమిది నెలలుగా చూస్తున్నారు. నెలసరి తిరిగి మొదలైందన్న మాటే గాని, ఒకసారి ముప్పయ్యైదు రోజులకు, ఇంకోసారి యాభైకి, చెప్పాపెట్టకుండా దిగే చుట్టంలా వస్తోంది. లేడీ డాక్టరు మెత్తగానే చెప్పింది. పాలిస్తుండగానే కొందరికి కడుపు నిలుస్తుందట, కొందరి ఒళ్ళు ఒప్పుకోదట. వయసు ఆగదు కాబట్టి, పాలు మాన్పించి మూడు నెలలు చూద్దామంది. పళ్ళమ్మాయి భర్త లిఫ్టు మెకానిక్కు. అంతస్తుల మధ్య ఇరుక్కున్న వాళ్ళను రోజూ దింపుతాడు గాని, ఇంట్లో ఇరుక్కున్న మనిషిని ఎలా దింపాలో తెలియక "నీ ఇష్టం" అన్నాడు. మొగుళ్ళు ఆ మాట మంచితనం అనుకుంటారు. మోసేవాళ్ళకు తెలుస్తుంది దాని బరువు.

ఆదివారం నుంచి మాన్పించాలని గడువు పెట్టుకుంది. రెండు ఆదివారాలు వచ్చాయి, పోయాయి. మూడోది దగ్గరపడుతోంది. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలాగే అని తనను తానే తిట్టుకునేది.

రెండో బిడ్డ ఎందుకంటే ఆమె దగ్గర ఒకటే జవాబు. నాలుగేళ్ళ కిందట అమ్మ పోయినప్పుడు, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఆమె, తమ్ముడు మెట్ల మీద కూర్చున్నారు. అమ్మ ఫోనెత్తి ‘ఎవరూ?’ అని ఎలా గదమాయించేదో తమ్ముడు అనుకరించి చూపించాడు. ఇద్దరూ నవ్వలేక ఏడ్చారు, ఏడవలేక నవ్వారు. అమ్మ గొంతు తెలిసిన మనిషి లోకంలో తను కాక ఇంకొకడున్నాడన్న ధైర్యం ఆ రోజు కలిగింది. రేపు పిడుగుకు అలాంటి తోడు ఉండాలి. అదొక్కటే ఆమె కోరిక.

అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా అమ్మ గొప్పగా చెప్పుకునే మాటా గుర్తొచ్చేది. వీధిలో ఏ తల్లి పాలు మాన్పించలేక అవస్థ పడుతున్నా, అమ్మ గడ్డం పైకెత్తి, "మా పిల్లకి నేను మాన్పించలేదు. ఏడాదిన్నరకి తనే మానేసింది," అనేది. చిన్నప్పుడు ఆ మాట పళ్ళమ్మాయికి బిరుదులా ఉండేది. ఇప్పుడు మొట్టికాయలా తగులుతోంది. తాను అంత బుద్ధిమంతురాలైతే, తన కడుపున ఈ పిడుగెలా పుట్టిందో ఆమెకు అంతుపట్టలేదు.

సరిగ్గా ఆ మొదటి గడువు పెట్టుకున్న రోజుల్లోనే ఆసుపత్రికి గోడత్త వచ్చింది.

గోడత్త అంటే చిన్నప్పుడు పక్కింట్లో ఉన్న అత్త. రెండిళ్ళ మధ్యా ఛాతీ ఎత్తు గోడ ఉండేది. పలకరింపులూ, పంచదార అరువులూ, మొగుళ్ళ మీద ఫిర్యాదులూ అన్నీ ఆ గోడ మీంచే జరిగేవి, అందుకని గోడత్త అయింది. పళ్ళమ్మాయి జ్ఞాపకాల్లో అన్నిటికంటే పాతది ఆ గోడే. ఎండకు కాగిన ఇటుకల వేడి, నాచు వాసన. అమ్మ తనను చంకల కింద పట్టి పైకెత్తి, "పార్సిలొచ్చింది, పట్టుకో," అనేది. అవతలి నుంచి గోడత్త, "సంతకం ఎక్కడ పెట్టాలి?" అనేది. రెండు చేతులు వదిలే లోపలే ఇంకో రెండు చేతులు అందుకునేవి. ఆ మధ్యలో ఒక్క క్షణం కాళ్ళ కింద ఏమీ ఉండేది కాదు. అంత మంచి ఆట మళ్ళీ ఎప్పుడూ ఆడలేదని ఆమె నమ్మకం. తనకు పదేళ్ళప్పుడు గోడత్త వాళ్ళు ఊరి అవతలి కొసకు మారిపోయారు. ఆ ఇంట్లోకి వచ్చినవాళ్ళు గోడను ఇంకో మూడడుగులు లేపారు.

ఇన్నేళ్ళకు వచ్చిన గోడత్త నోట్లో పై వరస మొత్తం పోయింది. నవ్వొచ్చినప్పుడల్లా అరచెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. పళ్ళమ్మాయిని చూసి, "నువ్వేనా నా పళ్ళు చేసేది? అయితే పెద్దవి పెట్టు, కోడలు భయపడాలి," అంది.

డాక్టరు మామూలుగానే తెల్లగా, వరసగా పెట్టమని చీటీ రాసి పంపాడు. పళ్ళమ్మాయి అలాగే పెట్టింది. పెట్టి చూస్తే అది గోడత్త నోరు కాదు, పేస్టు డబ్బా మీది బొమ్మ నోరు. పాత ఫొటో అడిగితే గుర్తింపు కార్డు తెచ్చింది, అందులో మూతి బిగించి ఉంది. ఇక జ్ఞాపకాన్నే నమ్ముకోవాలి. ముందు పన్ను పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉండేదని గుర్తుంది, ఎంత ఎక్కి ఉండేదో చేతికి అందడం లేదు. కత్తి కాల్చి మైనం సడలించి, పన్ను తిప్పి, మళ్ళీ తిప్పి విసుగెత్తి, వెలుగులో చూద్దామని అచ్చును తలకంటే ఎత్తుకు లేపింది. కింది నుంచి చూసేసరికి తప్పెక్కడుందో తెలిసిపోయింది. అలా ఎత్తి పట్టుకునే, మెడ నొప్పి పుట్టే దాకా, ఎడమ కోరపన్ను కొసతో సహా సరిచేసింది.

మైనంలో నిలిపిన వరసను గోడత్త నోట్లో పెట్టి చూసినప్పుడు, వంకర ఎందుకని డాక్టరు గునిశాడు. గోడత్త అద్దం పట్టుకుంది. నవ్వబోయి, అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టుకుని, మళ్ళీ మెల్లిగా తీసేసింది. "నాదే," అంది. "నేనే మర్చిపోయాను. నీకెలా గుర్తుందే?"

పళ్ళు పూర్తయి పెట్టుకున్న వారానికి గోడత్త మళ్ళీ వచ్చింది, ఈసారి ఫిర్యాదుతో. ఏం తిన్నా ఉప్పు తెలియడం లేదట. ఇంట్లో అందరి కూరల్లోనూ ఉప్పు గుమ్మరిస్తుంటే కోడలు డబ్బా దాచేసిందట. పై వరస పళ్ళు అంగిలిని కప్పేస్తాయని, రెండు మూడు వారాల్లో అలవాటవుతుందని పళ్ళమ్మాయి నచ్చజెప్పి, వెనక గదిలో కూర్చోబెట్టి అంచులు కొంచెం అరగదీసింది. చేస్తూ చేస్తూ తన గోడు చెప్పుకుంది. ఎనిమిది నెలలు, లేడీ డాక్టరు మాట, రాబోయే ఆదివారం, అన్నీ. చివరికి నవ్వుతూ, "నేను మాత్రం ఏడాదిన్నరకే మానేశానట. నా కూతురు నా పోలిక కాదు అత్తా," అంది.

గోడత్త పళ్ళు పెట్టుకుంది. దవడ అటూ ఇటూ ఆడించి చూసుకుంది.

"ఎవరు చెప్పారు?"

"అమ్మ."

"మీ అమ్మ చెప్పింది సగం," అంది గోడత్త. "నాతో కూడా ఎవరికీ చెప్పనని మాట తీసుకుంది. ఇప్పుడు ఆమే లేదు. కొత్త పళ్ళు పెట్టుకుని అబద్ధం ఎందుకాడాలి?"

ఆమె చెప్పింది ఇదీ. ఏడాదిన్నర వయసులో ఒక రోజు పిల్ల రెండు గుక్కలు తాగి వదిలేసింది. మొహం చిట్లించి ‘ఉప్పు’ అంది. రెండో వైపు పెడితే, అదీ ఉప్పే అంది. అమ్మకు విషయం తెలిసింది అప్పుడే. కడుపు నిలిస్తే కొందరికి పాలు తగ్గిపోయి ఉప్పెక్కుతాయి. తమ్ముడు వస్తున్నాడని అందరికంటే ముందు కనిపెట్టింది పళ్ళమ్మాయేనన్నమాట. కనిపెట్టి ఊరుకుందా? మూడు రోజులు వీధి దద్దరిల్లేలా ఏడ్చింది. కావాలంటుంది, నోట్లో పెట్టుకుంటే తోసేస్తుంది.

"అప్పుడు నా ఒళ్ళో నాలుగు నెలల వాడున్నాడు," అంది గోడత్త. "నాకు పాలు పొంగేవి. నాలుగో రోజు మధ్యాహ్నం మీ అమ్మ నిన్ను ఎత్తి గోడ మీంచి అందించింది. పాలివ్వమని అడగలేదు. అడగడానికి నోరు రాలేదు దానికి. పార్సిలొచ్చింది, పట్టుకో, అంది. నాకూ ఏమనాలో తెలియక, సంతకం ఎక్కడ పెట్టాలి అన్నాను."

పళ్ళమ్మాయి అరగదీసే పుల్ల బల్ల మీద పెట్టింది. ఎన్నాళ్ళని అడిగింది. తమ్ముడు పుట్టేదాకా, రోజూ మధ్యాహ్నం, అంది గోడత్త.

"అమ్మ చూస్తూ ఉండేదా?"

"ఒక్క రోజు కూడా చూడలేదు. గోడకి వీపు ఆనించి అటు తిరిగి నిలబడేది. నేను ఊఁ అంటే చేతులు మాత్రం గోడ మీదికి చాచేది. ఒకసారి నువ్వు నా ఒళ్ళోనే నిద్రపోయావు. గంటసేపు నిలబడింది, ఎండలో, అంత కడుపేసుకుని. లోపలికి పోవే అంటే వినలేదు."

గోడత్త మెడ కింద చీర సర్దుకుని, అక్కడెక్కడో పంటి గుర్తు ఇంకా ఉందని చెప్పింది. కొరికినదానివీ నువ్వే, పళ్ళు పెట్టినదానివీ నువ్వే అని నవ్వింది. ఆ నవ్వులో ముందు పన్ను పక్కదాని మీదికి సరిగ్గా ఎక్కి ఉంది. తల పైకెత్తి చూస్తే తప్ప ఆ నోరు తనకెందుకు గుర్తు రాలేదో పళ్ళమ్మాయికి అప్పుడు తెలిసింది. ఏడాదిన్నర పిల్లకు అంత గుర్తుంటుందా అని చదువుకున్నవాళ్ళు నవ్వితే నవ్వుకోవచ్చు. ఆమె మాత్రం ఆ ఒడిలో పడుకుని, ఆ పలువరసను కింది నుంచి చూసిన మనిషి.

"మరి తనే మానేసింది అని అంత గొప్పగా ఎందుకు చెప్పేది?"

"నువ్వు వద్దన్నది నిజమే కదా," అంది గోడత్త. "ఒక బిడ్డ వస్తోందన్న సంతోషం, ఒక బిడ్డ ఒడి దిగిపోయిందన్న దుఃఖం, రెండూ ఒకేసారి వస్తే ఏ మొహం పెట్టుకోవాలో తెలియదే తల్లీ. మీ అమ్మ గొప్ప మొహం పెట్టుకుంది. అంతే."

ఆ సాయంత్రం పళ్ళమ్మాయి బస్సు దిగి, రోజూ కంటే వేగంగా నడిచింది. అమ్మ మీద కోపం రావాలేమో అనుకుంది గాని రాలేదు. గోడ దగ్గర అటు తిరిగి నిలబడ్డ అమ్మను వెనక నుంచి పట్టుకోవాలని మాత్రం ప్రాణం కొట్టుకుంది. సందు మలుపులో ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఈ ఆదివారం కూడా పోతే పోనీ. లేడీ డాక్టరుకు ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఇంకో నెల, కనీసం ఒక్క నెల, పిడుగును కడుపు నిండా తాగనివ్వాలి. ఏ గోడా లేకుండా, తన ఒళ్ళోనే.

ఇంట్లో భర్త కూరగాయలు తరుగుతున్నాడు. పిడుగు గుమ్మం దగ్గర చెప్పులన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. తల్లిని చూడగానే కట్టడం కూలదోసి "అంపా" అంటూ పరుగెత్తుకొచ్చింది. పళ్ళమ్మాయి చేతులు కడుక్కుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. పిల్ల ఎక్కి, రోజూలాగే ఒక చెయ్యి తల్లి మెడ మీద వేసి, కళ్ళు సగం మూసి, నోట్లో పెట్టుకుంది.

రెండు గుక్కలు. మూడోది మొదలుపెట్టి ఆగింది. వదిలేసి తల్లి మొహంలోకి చూసింది. ముక్కు చిట్లించింది.

"ఉప్పు," అంది.

పళ్ళమ్మాయి రెండో వైపు మార్చింది. పిడుగు నమ్మకంగానే నోట్లో పెట్టుకుంది. ఒక్క గుక్క. తల తిప్పేసి, "ఇదీ ఉప్పే," అంది. ఫిర్యాదేమీ లేదు, చూసింది చెప్పింది. ఆ తర్వాత ఒడిలోంచి జారి, కూలిన చెప్పుల దగ్గరికి వెళ్ళి, పెద్దది ఒకటి తీసి అడుగున పెట్టి మళ్ళీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టింది.

పళ్ళమ్మాయి జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం మర్చిపోయి కూర్చుంది. కిందటిసారి నెలసరి ఎప్పుడొచ్చిందో వేళ్ళ మీద లెక్క వేసింది. నలభై ఒకటి. తన నెలల తీరుకు అదేమీ పెద్ద లెక్క కాదు. రేపు పరీక్ష చేయించుకోవాలి, డాక్టరు అవునంటే తప్ప అవునని కాదు. అయినా ఆమెకు తెలుసు. ఎనిమిది నెలలుగా కోరుకున్నది వచ్చింది. పొద్దున పనికి వెళ్ళే తొందరలో, గడియారం చూసుకుంటూ, ఒక చేత్తో జడ ముడేసుకుంటూ ఇచ్చిందే, అదే చివరిసారని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఒక్క బస్సు వదిలేసేది.

వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది. భర్త చేతులు తుడుచుకుంటూ వచ్చి, పిల్లను చూశాడు, ఆమెను చూశాడు. ఏమైందని అడిగాడు. ఇవాళ ఇంత తొందరగా దిగిపోయిందేమన్నాడు.

ఆమె గడ్డం తనకు తెలియకుండానే పైకి లేచింది. నోట్లోంచి వచ్చింది అమ్మ మాటే.

"తనే మానేసింది," అంది.

అని, ఆ మాట తన చెవులకే వినిపించి, అక్కడితో ఆగలేకపోయింది. అమ్మకు గోడవతల ఒక మనిషి ఉంది గాని, ఇవతల చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయారు. కళ్ళు తుడుచుకోకుండానే ఆయన వైపు తిరిగింది.

"ఉప్పగా ఉన్నాయట," అంది. "ఇలా వచ్చి కూర్చోండి. నేను మానలేదట. మా అమ్మ నన్ను రోజూ గోడ మీంచి అందించేదట."