మూత తీసే చెయ్యి

"గడ్డం కొంచెం దించండి. ఆ... అంతే."

పాస్‌పోర్టు ఫొటోకు బిగుసుకుపోయి కూర్చున్న గుమాస్తాను దారికి తెచ్చి, బొమ్మ తీసి పంపించి, ఫొటోల మాస్టారు స్టూడియో తలుపు మూసేశాడు. అప్పటికే గ్రహణం పట్టి సూర్యుడి అంచు కొరికినట్టయింది.

పై గదిలో భార్య ఒళ్లు మంచానికి అతుక్కుపోయింది. కళ్లు మాత్రం ఇంకా కొట్టు కట్టెయ్యలేదు. ఈ పూట గడవడమే కష్టమని పొద్దున డాక్టరు చెప్పి వెళ్లాడు.

"సూర్యుణ్ణి కూడా గడ్డం దించమంటారా?" అందామె, మాట తక్కువగా, గాలి ఎక్కువగా.

"అనొచ్చు. వినే రకం కాదు."

"మొత్తం మూసుకుపోయాక చుట్టూ తెల్లటి వెలుగు విచ్చుకుంటుందటగా! అది చూడాలండీ నేను. తీసుకొచ్చి చూపించండి."

ముప్పై ఏళ్లలో ఆమె అడిగినవి లెక్కపెట్టాలంటే ఒక చేతి వేళ్లే ఎక్కువ.

"వెళ్లండి బావగారూ, అక్క దగ్గర నేనుంటా," అంది మరదలు.

మేడమీద స్టాండు నిలబెట్టి, కెమెరా కంటికి నల్ల ఫిల్టరు తొడిగాడు. అది లేకపోతే ఎండ కెమెరాను కాల్చేస్తుంది. నిండు చీకటి నిలిచే రెండు నిమిషాలు మాత్రం దాన్ని తీసెయ్యాలి. అతనికి తెలియని సంగతి కాదు.

చీకటి ముంచుకొచ్చింది. పిట్టల గోల తెగిపోయింది. చేతి గడియారంలోని ముల్లు మీదే చూపు నిలిపి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కాడు, నొక్కాడు, నొక్కుతూనే ఉన్నాడు. ఎడమ పక్కన ఏదో వెలితి. ఏమిటో తోచలేదు.

వెలుగు చిమ్మాక కెమెరా తెర చూశాడు. నలుపు. తరవాతదీ నలుపే. ఫిల్టరు తొడిగింది తొడిగినట్టే ఉంది.

పాత పెట్టె కెమెరా రోజుల నుంచీ అతను గడియారం చూడటం, ఎడమ పక్కన నిలబడి ఆమె మూత తియ్యడం. కొత్త కెమెరా వచ్చినా ఆ వరస మారలేదు. ఇవాళా అతని ఒళ్లు ఆ చేతికోసమే ఎదురుచూసింది.

మెట్లు దిగుతూ ఆలోచించాడు. ఏ పుస్తకంలోదో బొమ్మ చూపిస్తే? నెగెటివ్ మీద వెంట్రుకవాసి గీతను పట్టేసిన ఆమె కళ్ల ముందు ఆ ఆట సాగదు. నలుపునే చూపించాడు.

ఆమె చాలాసేపు చూసింది.

"మూత తియ్యలేదు కదూ?"

అతను తల దించుకున్నాడు.

"మళ్లీ ఎప్పుడట?"

అతను కెమెరా తెర ఆర్పేశాడు. ఆమె కంటి కొసన నీరు నిలిచింది.

"నన్ను కూడా మోసుకెళ్లాల్సిందండీ," అంది. తరవాత మంచినీళ్లడిగింది.

అతను గ్లాసుతో వచ్చేసరికి, మరదలు అక్క చెయ్యి పట్టుకుని గోడకేసి చూస్తోంది.

మధ్యాహ్నానికి నలుగురూ వచ్చి ఆమెను కిందికి దించారు. దిండు మీద, తల ఆనిన గుంటలో, నల్లటి జడపిన్ను ఒకటి కాళ్లు విప్పుకుని మిగిలింది.