టీ పీటలు తీసేసిన రోజు

సూడాన్ పక్క దేశంలోని మా నగరం బస్టాండులో, సరిహద్దు నుంచి బస్సులు వచ్చి ఆగే చోట బతూల్ బొగ్గుల కుంపటి పెట్టుకుని టీ అమ్మేది. చుట్టూ నాలుగు పొట్టి పీటలుండేవి. యుద్ధంతో చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయిన సూడాన్ వాళ్ళకి, ఏ ఊరు చేరినా, టీ అమ్మే ఆడమనిషే పోస్టాఫీసు. ఎవరు సరిహద్దు దాటారో, ఎవరు దాటలేకపోయారో ఆమెకే చెప్పి వెళ్తారు.

బతూల్ కూడా తన కబురు అలాగే పంపింది. సూడాన్ రాజధాని ఖార్తూమ్ నుంచి పారిపోయే తొక్కిసలాటలో కూతురు తమాదుర్ చెయ్యి జారిపోయింది. ఫోను లేదు. ‘‘బస్టాండులో టీ పీటల దగ్గరే ఉంటా, వచ్చెయ్యమనండి’’ అని వెళ్ళే ప్రతి డ్రైవరునూ బతిమాలేది.

ఒకరోజు డ్రైవర్ షాజలీ బస్సు దిగుతూనే కేకేశాడు.

‘‘అక్కా, ఇవాళ చక్కెర దండిగా వెయ్యి! నీ పిల్ల సరిహద్దు దగ్గర కనబడింది. ఎల్లుండి నా బస్సులోనే వస్తుంది.’’

బతూల్ ఏడుస్తూనే నవ్వింది. ఆ పూట ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు.

సరిగ్గా అప్పుడే మా నగర పాలకులకు సూడాన్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. సానుభూతి సభ జరిపి, బస్టాండుకు ఖార్తూమ్ పేరు పెట్టాలని తీర్మానించారు. పెద్దలు వస్తుంటే మాసిన బట్టల జనం కనబడకూడదు గదా! బస్సులను ఊరవతల ఇసుక మైదానానికి తోలేశారు. తమాదుర్ రావలసిన రోజే సభ. ఆ పొద్దున్నే పీటలను లారీలోకి విసిరేశారు.

‘‘మీ కాళ్ళు పట్టుకుంటా బాబూ, ఈ ఒక్కరోజు ఉండనివ్వండి. నా బిడ్డ వస్తోంది’’ అని బతూల్ కుంపటిని వాటేసుకుంది.

‘‘ఈ సభ మీకోసమేనమ్మా! గోల చెయ్యకు’’ అన్నాడు మున్సిపల్ అధికారి. సభ అయ్యేదాకా ఆమెను పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టారు.

సాయంత్రం వదలగానే మైదానానికి పరిగెత్తింది. షాజలీ ఆమె మొహం చూడలేక తల దించుకున్నాడు.

‘‘నేను బస్సు మీద సామాన్లు దించుతున్నానక్కా. టీ పీటలెక్కడని పిల్ల ఇక్కడి కాపలావాణ్ణి అడిగిందట. ఈ ఊళ్ళో టీ అమ్మేవాళ్ళెవరూ లేరు, అందర్నీ తరిమేశామన్నాడట వాడు. నేను దిగేసరికి ఏదో లారీ ఎక్కి వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందో ఎవరికీ తెలీదు.’’

బతూల్ ఇసుకలో కూలబడిపోయింది. ఆమెను పట్టుకుని షాజలీ బస్టాండుకు నడిచాడు. ‘మీ బాధే మా బాధ’ అన్న బ్యానరు కింద అధికారి కుర్చీలు సర్దిస్తున్నాడు.

‘‘సార్, బాంబుల్ని దాటుకొచ్చిన పిల్ల మీ ఊళ్ళో తప్పిపోయింది’’ అన్నాడు షాజలీ. ‘‘యుద్ధం ఆపడం మీ చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను. ఈ తల్లి పీట తియ్యకుండా ఉండడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది గదా!’’