ముందు చక్రం మీద దిగులు

షెడ్డు తలుపులు తీశాక మెకానిక్కు చేసే మొదటి పని టీ తాగడం. రెండో పని, అత్తగారు ఇవాళ ఎంత బరువున్నారో కనుక్కోవడం. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక్క గోడే అడ్డం కాబట్టి అదేమంత కష్టం కాదు. మంచం కిర్రుమంటే బరువుగా ఉన్నట్టు. చప్పుడు లేకపోతే ఆవిడ మనసు నిమ్మళంగా ఉన్నట్టు. అలాంటప్పుడు ఫ్యాను వేసేముందు, ఎగిరిపోకుండా ఆవిడ ఒళ్ళో ఓ పెద్ద రెంచి పెట్టాలి.

కొందరికి దిగులేస్తే ఆకలి చస్తుంది, కొందరికి నిద్ర పట్టదు, ఈవిడకి బరువు పెరుగుతుంది. వీధిలో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. చూసేవాళ్ళేమో గానీ, ముందు చక్రాల దగ్గర చప్పుడొచ్చే బళ్ళన్నీ ఆవిడ చలవతోనే బాగయ్యేవి. జాకీ మీద లేపిన బండి మహా బుద్ధిమంతురాలు. చక్రం గాల్లో వేలాడుతుంటే ఏ కీలూ నిజం చెప్పదు. బరువు పడాలి, స్టీరింగు తిప్పాలి, అప్పుడే అరిగినచోట టక్కుమంటుంది. అందుకని అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, మెకానిక్కు బండి కింద గుంతలోకి దిగి అడిగేవాడు.

"అత్తయ్యా, కాస్త దిగులు పడతారా?"

"దేని గురించి బాబూ?"

"పొయ్యి మీద పాలున్నాయేమో చూసుకోండి."

"అయ్యయ్యో!"

బండి ముందు భాగం బెత్తెడు కిందికి దిగేది. కింద మెకానిక్కు ఒక్కో కీలు మీదా చెయ్యి వేసి, చప్పుడు ఏ కీలులోంచి వేళ్ళకి తగులుతోందో పట్టేసేవాడు.

ఈ బరువు అందరికీ పనికొచ్చింది గానీ, ఆవిడ చిన్నకూతురికి మాత్రం గుదిబండ అయి కూర్చుంది. ఆ పిల్ల క్రేను నడపడం నేర్చుకుంది. మొదటి ఉద్యోగానికి పెట్టె సర్దుకుంటే తల్లి మంచం పట్టె విరిగింది. రెండో ఉద్యోగానికి గుమ్మం దాటబోతే తల్లి నిలబడ్డచోట గచ్చు బీటలు వారింది. తల్లిని అలా వదిలేసి ఏ కూతురు వెళ్తుంది? రెండుసార్లూ పెట్టె విప్పేసింది. ఇప్పుడు మూడోది వచ్చింది, కొండ అవతల రేవులో. రేపు పొద్దున చేరకపోతే ఆ క్రేను ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఈసారి దిగులు పడనని తల్లి చేత మాట తీసుకుంది. తల్లి ఆ మాట నిలబెట్టుకోవడానికి నానా తంటాలు పడుతోంది. దిగులు వచ్చే సూచన కనబడితే చాలు, పాట అందుకుంటోంది. వారం రోజులుగా అదే పాట విని ఇంట్లో వాళ్ళకి పిచ్చెక్కినంత పనయింది.

చిన్నకూతురు కొన్న పాత కారేమో ఎడమ ముందు చక్రం దగ్గర ఢక్ ఢక్ మంటోంది. గతుకులో పడితే ఒకసారి, మలుపు తిరిగితే ఒకసారి. మెకానిక్కు లింకు రాడ్లు మార్చాడు. బుష్షులు మార్చాడు. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు, గడ్డపారతో కీళ్ళు ఎత్తి చూశాడు. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. బండి తీసుకుని వీధి చివరిదాకా వెళ్తే మూల మీద మళ్ళీ ఢక్ మంది. అప్పటినుంచి అతనికి కాలు నిలవడం లేదు. అన్నం ముందు కూర్చున్నా ఆ చప్పుడే, చెయ్యి కడుక్కుంటున్నా ఆ చప్పుడే.

"బావా, ఇంక చాలు," అంది మరదలు, తాళంచెవి వేలికి తిప్పుతూ షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూ. "వినాలనుకుంటే గోడ కూడా చప్పుడు చేస్తుంది. చీకటి పడేలోగా నేను కొండ దాటాలి."

"ఒక్కసారి అత్తయ్యని కూర్చోబెట్టి చూద్దాం."

అత్తగారు పాడుకుంటూ వచ్చి కూర్చుంది. కూర్చుందన్నమాటే గానీ సీటుకి తగల్లేదు. పెద్దకూతురు, అంటే మెకానిక్కు భార్య, బెల్టు పెట్టి ఆవిడని సీటులో అణిచి ఉంచింది. మరదలు స్టీరింగు ముందు కూర్చుని అటూ ఇటూ తిప్పింది. ఏ చప్పుడూ లేదు.

"అత్తయ్యా, పాలు పొంగుతున్నాయి," అన్నాడు మెకానిక్కు గుంతలోంచి.

"పొంగితే పొంగనీ బాబూ."

"కుళాయి కట్టేశారా?"

"నీళ్ళేగా!" అని మళ్ళీ పాట.

"విన్నావుగా," అంది మరదలు. "బండి బాగుంది. నేను బయల్దేరతాను."

మెకానిక్కు గుంతలోంచి తల పైకెత్తాడు. భార్య అతన్నే చూస్తోంది, నోరు విప్పావంటే చూడు అన్నట్టు. అతనికి తెలుసు. ఇప్పుడు నిజం చెబితే అత్తగారు బరువెక్కుతుంది, మరదలు ఆగిపోతుంది, మూడో ఉద్యోగం కూడా పోతుంది, ఆ పిల్ల జన్మలో తన మొహం చూడదు. చెప్పకపోతే ఆ చప్పుడు ఆమెతోపాటు కొండెక్కుతుంది. అతనికి భయమేసింది. భయంలోనే చెప్పేశాడు.

"అత్తయ్యా, చప్పుడు పోలేదు. అదెక్కడుందో నాకు దొరకలేదు. చిన్నది ఈ బండి మీదే వెళ్తోంది."

పాట ఆగిపోయింది.

ముందు సీటు మూలిగింది. బండి ముందు భాగం బెత్తెడు దిగింది, ఇంకా దిగింది, బంపరు నేలకి ఆనబోయింది. "తిప్పు!" అని అరిచాడు మెకానిక్కు. మరదలు కోపంతో స్టీరింగు ఒక్క తిప్పు తిప్పింది. ఢక్ మన్న మరుక్షణం ఫట్‌మని ఏదో ఊడింది. ఎడమ చక్రం పక్కకి వాలిపోయింది.

చప్పుడు చేసింది చక్రాన్ని పట్టి ఉంచే కింది బాల్ జాయింటు. గుండు తుప్పు పట్టి గిన్నెలో ఇరుక్కుని, బిగుతుగా ఉన్నట్టు నటించింది. మెకానిక్కు ఆ ఊడిన గుండు తీసుకెళ్ళి మరదలి చేతిలో పెట్టాడు. కొండ మలుపులో ఊడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

కొత్తది బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ అత్తగారు బండి దిగలేదు. దిగలేకపోయింది. చివరికి బండిని షెడ్డు బయటికి తీశాక మెకానిక్కు, ఇద్దరు కూతుళ్ళు, ఎదురు కొట్టు పంక్చర్లతను కలిసి ఆవిణ్ణి లాగి నేల మీద నిలబెట్టారు. ఆవిడ చెప్పుల కింద మట్టి దిగబడింది. అది చూసి చిన్నకూతురు వెనక సీట్లోంచి పెట్టె బయటికి లాగింది.

"పెట్టె ఎందుకు దింపుతున్నావు?" అంది తల్లి.

"నువ్విలా ఉంటే నేనెలా వెళ్ళనమ్మా?"

"పోయిన రెండుసార్లూ ఆగిపోయావుగా. నేనేమన్నా తేలికపడ్డానా?"

చిన్నకూతురు పెట్టె కింద పెట్టింది.

"నువ్వలా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డుకేసి చూస్తుంటే ఇంకా బరువెక్కేదాన్ని. నీకు చెప్పలేదంతే," అంది తల్లి. "దిగులు పడనని మాటిచ్చాను, తప్పాను. నావల్ల కాదే. నా బరువేదో నేను మోసుకుంటాను, నువ్వు బండెక్కు."

చిన్నకూతురు తల్లిని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. తల్లి కదల్లేదు, కదిలేంత తేలిగ్గా లేదు. తర్వాత అక్క పెట్టె తీసి మళ్ళీ వెనక సీట్లో పెట్టింది. కారు వీధి మూలలో మలుపు తిరిగింది. మెకానిక్కు చెవులు రిక్కించి విన్నాడు. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"లోపలికి రండత్తయ్యా, ఎండగా ఉంది."

"అది కొండ దిగేదాకా నేను కదల్లేను బాబూ. నువ్వెళ్ళు."

కుర్చీ వేద్దామంటే ఏ కుర్చీ ఆగుతుంది? మెకానిక్కు చేతులు తుడుచుకుని వచ్చి ఆవిడ పక్కనే నిలబడ్డాడు.