బిగించని హ్యాండిల్

మా సైకిళ్ల కొట్టు అగ్గిపెట్టెంత. పిల్లల సైకిళ్లన్నీ అందులో పట్టాలంటే హ్యాండిళ్లు వదులు చేసి పక్కకి తిప్పి పెట్టాల్సిందే. అమ్మేటప్పుడు మా ఆయన హ్యాండిల్ తిన్నగా తిప్పి పానాతో బిగిస్తాడు. నేను గాలి చూసి, బ్రేకులు నొక్కి చూసి చేతికిస్తాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే మా పద్ధతి.

ఆ సాయంత్రం ఒక పెద్దాయన మనవరాలితో వచ్చాడు. పిల్ల ఎర్ర సైకిల్ని వాటేసుకుంది, వదిలితే ఒట్టు. మా ఆయన హ్యాండిల్ తిన్నగా తిప్పి, పానా అందుకునేలోగా ఫోన్ మోగింది. ఇంక ఆయనగారికి లోకం గుర్తుంటుందా! హ్యాండిల్ తిన్నగా కనబడేసరికి బిగించేశాడనుకుని, నేను గాలి చూసి పంపేశాను.

కబుర్లన్నీ అయ్యాక లోపలికొచ్చాడు మహానుభావుడు. "ఆ ఎర్రది బిగించావా?"

"నేనెందుకు బిగిస్తానండీ? అది మీ పని కదా!"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"తేడా వస్తే వాళ్లే తెస్తార్లే" అని నసిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం తెస్తారు? పళ్లూడిన పిల్లనా? మనల్ని నమ్మి తీసుకెళ్లారండీ!"

నీళ్ల ట్యాంకు వెనక పార్కుకే వెళ్తున్నామని పెద్దాయన వెళ్తూ వెళ్తూ చెప్పాడు. కొట్టు చూడమని పక్క కొట్టావిడకి ఓ కేకేసి పరిగెత్తాను. దారిలో చెప్పు తెగితే రెండోదీ అక్కడే పారేశాను.

పార్కులో వాలుదారి పైన పిల్ల సైకిలెక్కి కూర్చుంది. తాత వెనకనుంచి సీటు పట్టుకుని ఉన్నాడు.

"వదలకండి! పెద్దాయనా, వదలకండి!"

ఆయన బిత్తరపోయి గట్టిగా పట్టుకున్నాడు. పిల్లని దింపి, ముందు చక్రాన్ని కాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిల్ తిప్పాను. హ్యాండిల్ తిరిగిపోయింది, చక్రం మాత్రం కదల్లేదు.

"తప్పు మాదేనండీ. బిగించకుండా ఇచ్చేశాం."

తిట్టిపోస్తాడనుకున్నాను. ఆయన పిల్లని దగ్గరికి తీసుకుని, "ఇప్పుడే వదులుదామనుకుంటున్నానమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

ఇంతలో మా ఆయన పానాతో రొప్పుతూ వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని బిగించాడు. బలమంతా పెట్టి తిప్పి చూశాడు. మళ్లీ బిగించాడు.

"ఇప్పుడు తాత వదిలేయొచ్చా అంకుల్?" అంది పిల్ల, సైకిలెక్కుతూ.

మా ఆయన పానా నా చేతికిచ్చి, లేచి వెళ్లి సీటుని రెండో పక్క పట్టుకున్నాడు.

"పద తల్లీ, నేనూ పరిగెడతా."