రాణిగారి హాలులో ఇనుప తెర

రాజు పేరెత్తితే ఉమ్మేసే ఊరు, ఎప్పుడో పురిట్లో పోయిన రాణిగారిని తలుచుకుని మాత్రం కళ్లొత్తుకునేది. ఆమె జ్ఞాపకంగా ఆ కచేరీ హాలును జనమే ఇటుకలు మోసి కట్టారు. ఇప్పుడు వాళ్ల మనవలే గడ్డపారలు పట్టుకుని పట్టపగలు వచ్చిపడ్డారు. ఆకలికి, కోపానికి తాతలు కట్టిన గోడలు కనబడతాయా?

గాజు తలుపులు భళ్లున పగిలాయి. అడ్డం వెళ్లిన టికెట్ల గుమస్తా ముఖం మీద గడ్డపార పడింది. అతను మళ్లీ లేవలేదు. రాణిగారి పాలరాతి తల మెట్ల మీద దొర్లింది. కుర్చీలకు నిప్పంటుకుంది.

రిహార్సల్‌కి వచ్చిన వాద్యగాళ్లు వేదిక వెనకున్న ఇరుకు తలుపు దగ్గర ఒకరినొకరు తొక్కుకుంటున్నారు. వాళ్లు బయటపడేదాకా మంటనూ మందినీ ఆపగలిగేది వేదిక ముందంచు మీద వేలాడే ఇనుప తెర ఒక్కటే. దాని మీట పక్కగోడ దగ్గర, తెరలు లాగే అక్క చేతిలో ఉంది.

హాలంతా ఆమెను అక్కా అనే పిలిచేది గానీ, సొంత తమ్ముడు ఒక్కడే. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది. తాళ్ల పని నేర్పి ఇక్కడే పెట్టించింది. మొన్న మేనేజరు వాణ్ణి అందరి ముందూ చెప్పుతో కొట్టి గెంటేశాడు. ఇప్పుడు గుంపుకి ముందు వాడే ఉన్నాడు.

"అక్కా, నువ్వు బయటికి పో! ఈ కొంప తగలబడాల్సిందే!"

"లోపల మనుషులున్నార్రా! వెనక్కి పోరా, నీకు దణ్ణం పెడతా!"

"మనుషులా? నన్ను కొడుతుంటే పళ్లికిలించారు, వీళ్లా మనుషులు?"

వాడు ఒక్క ఊపున వేదిక అంచు మీదికి ఎగబాకి లోపలికి పరుగు తీయబోయాడు. వెనకే కాగడాలు. తెర దిగేలోపు వాడు అంచు దాటేస్తాడు, వాడొక్కణ్ణయితే రెండు పీకి ఆపుకోవచ్చు అనుకుని అక్క మీట లాగింది. లాగుతూ, వాడి మీద ప్రాణం కొట్టుకుని గొంతు చించుకుంది.

"తలా!"

పైనుంచి బరువు దిగుతుంటే అక్కడ అలాగే అరుస్తారు. ఆ కేక వింటే పనివాడు ఉన్నచోటే బిగుసుకుపోవాలి. బెదిరి పరిగెత్తేవాడే బరువు కింద పడతాడని నమ్మకం. కదిలినప్పుడల్లా వీపు మీద చరిచి మరీ వాడికి ఆ పాఠం నేర్పింది అక్కే.

పని తెలియని మంది కేక విని వెనక్కి దూకి బతికిపోయారు. వాడు అంచు మీదే ఆగిపోయాడు, మెడ వంచుకుని, చేతులు ఒంటికి ఆనించుకుని, అచ్చం ఆమె నేర్పినట్టే.

ఇనుము నేలను తాకిన చప్పుడుకి హాలు అదిరింది. వాద్యగాళ్లు ఒక్కొక్కరే బయటపడ్డారు. నలుగురు చక్రం తిప్పితేగాని లేవని ఆ తెరను అక్క గోళ్లూడిపోయేలా ఒక్కతే ఎత్తుతోంది. కింద నెత్తురు ఆమె మోకాళ్లదాకా పాకింది.

"కదలరా నాయనా. నేను చెబుతున్నాగా, ఇంక కదులు."